ఫైర్ అలారం: ఆన్‌లైన్ టూల్ తెరిచే ముందు

ఎక్కడ ఏ డిటెక్టర్ పెట్టాలో, ఎంత బ్యాటరీ కావాలో లెక్కించే ఆన్‌లైన్ టూల్ వాడబోతుంటే, హనుమకొండలో ఆసుపత్రికైనా, ఎనుమాముల దగ్గర మిర్చి గోదాముకైనా ముందుగా ఇవి చూసుకోండి.

– టూల్ ఏ ప్రమాణం ప్రకారం లెక్కిస్తోంది? విదేశీ టూల్ అయితే అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 72 లేదా బ్రిటన్ ప్రమాణం బీఎస్ 5839 ఉండవచ్చు. మనకు కావలసింది ఫైర్ అలారాలకు భారత ప్రమాణమైన ఐఎస్ 2189, జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016లో అగ్ని భద్రత గురించిన 4వ భాగం.

– పాత ప్లాన్‌లోని కొలతలు ఎక్కించవద్దు. టేపు పట్టుకొని పైకప్పు ఎత్తు, దూలాల లోతు మీరే కొలవండి.

– వంటగదికి పొగను పసిగట్టే స్మోక్ డిటెక్టర్ కాదు, వేడిని పసిగట్టే హీట్ డిటెక్టర్ ఎంచుకోండి. మిర్చి దుమ్ము లేచేచోట కూడా స్మోక్ డిటెక్టర్ ఉత్తపుణ్యానికి మోగుతుంది. నాలుగుసార్లు అలా మోగితే విసిగిపోయి ఎవరో ఒకరు దాన్ని ఆపేస్తారు. నాకు అన్నిటికన్నా భయం అదే.

– అలారం బ్యాటరీ లెక్కలో కరెంటు కోత గంటలు కలిపారా?

– టూల్ ఇచ్చిన జాబితాను అనుభవమున్న ఫైర్ ఇంజినీరుకు చూపించాకే కొనండి.