పాత సైనిక పిస్టల్ ఏ దేశానిది, ఏ రకానిది? గుర్తించడం ఎలా

పాత పిస్టల్ చేతికి రాగానే అందరూ పేరు వెతుకుతారు. నేనైతే పేరును చివరికి వదిలేయమంటాను. ముద్రలు, కొలతలు, నంబర్లు కలిసి ఒకే మాట చెప్పినప్పుడే దాని పుట్టుక తేలుతుంది.

ముందు భద్రత. మ్యాగజీన్ తీసేస్తే పిస్టల్ ఖాళీ అయినట్టు కాదు, లోపల ఒక తూటా మిగిలి ఉండవచ్చు. గొట్టం మూతి నుంచి మందు కూరే పాత రకాల్లోనూ ఆ మందు అలాగే ఉండిపోవచ్చు. కాబట్టి తెలిసినవారితో పరీక్ష చేయించాకే పట్టుకోండి. ఇలాంటి ఆయుధం దగ్గర ఉంచుకోవడంపై మీ దేశ చట్టం ఏమంటుందో తెలుసుకోండి. తుప్పు గీకకండి, మెరుగు పెట్టకండి. అలా రుద్దితే మనం చదవాల్సిన అక్షరాలే చెరిగిపోతాయి.

తర్వాత పేలే విధానం చూడండి. చెకుముకి రాయా, పెర్కషన్ క్యాపా (సుత్తి దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీ), రివాల్వరా, తనంతట తానే తూటా ఎక్కించుకునే రకమా? దీంతోనే కాలం చాలావరకు తెలుస్తుంది. అయితే 19వ శతాబ్దంలో చాలా చెకుముకి పిస్టళ్లను క్యాప్‌తో పేలేలా మార్చారు. సుత్తి ఉన్న పక్క పలక మీద పూడ్చేసిన మర రంధ్రాలు కనిపిస్తే, అది అలా మార్చినదే కావచ్చు.

ఇప్పుడు ముద్రలు. టార్చిలైటును పక్కనుంచి ఏటవాలుగా వేస్తే అరిగిన అక్షరాలు కూడా నీడలుగా లేస్తాయి. భూతద్దంతో చూసి, ఫొటో తీసి, ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. తయారీదారు ముద్ర, పరీక్ష ముద్ర (ఆయుధం పేలుడును తట్టుకుంటుందని పరీక్షించాక కొట్టేది), సైన్యం ఆస్తి ముద్ర వేర్వేరు. కోడిగుడ్డు ఆకారంలో ‘ఈఎల్‌జీ’ అని ఉంటే బెల్జియంలోని లియేజ్‌లో పరీక్షించారని అర్థం, ఏ సైన్యం వాడిందో అది చెప్పదు. విశాల బాణం గుర్తు మాత్రం బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తికి సంకేతం.

జర్మన్ లూగర్ పీ08నే తీసుకోండి. మోకాలిలా మడతపడే పైభాగం మీద ‘డీడబ్ల్యూఎం’ (ఒక ఆయుధాల కంపెనీ) అనో, కిరీటం కింద ‘ఎర్‌ఫుర్ట్’ (ప్రభుత్వ ఆయుధ కర్మాగారం) అనో ఉంటుంది. మౌజర్ కంపెనీ చేసినదైతే పేరు బదులు రహస్య సంకేతం ‘ఎస్/42’, తర్వాతి కాలంలో ‘బీవైఎఫ్’. తూటా గది మీద సాధారణంగా తయారైన సంవత్సరం కొట్టేవారు. ‘ఎస్/42’ పిస్టల్ మీద సంవత్సరం బదులు ‘కె’ ఉంటే 1934, ‘జి’ ఉంటే 1935. రకం తేల్చడానికి గొట్టం కొలవండి: సుమారు 100 మిల్లీమీటర్లయితే మామూలు సైనిక రకం, 150 అయితే నౌకాదళానిది, 200 అయితే ఫిరంగి దళానిది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ‘1917’తో పాటు ‘1920’ కూడా ఉన్న లూగర్లు దొరుకుతాయి. ఆ 1920 తయారైన ఏడాది కాదు, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్ ప్రభుత్వం కొట్టిన ఆస్తి ముద్ర. సీరియల్ నంబరూ అంతే. సైన్యానికి చేసిన లూగర్లకు ప్రధాన తయారీదారులు సాధారణంగా ఏటా నంబర్లు మళ్లీ మొదటి నుంచి వేసేవారు, పది వేలు దాటితే చివర ఒక అక్షరం చేర్చేవారు. తయారీదారు, సంవత్సరం, అక్షరం తెలియకుండా ఒట్టి నంబరుతో ఏదీ తేలదు.

చివరగా చిన్న భాగాల మీది అంకెలు చూడండి. లూగర్‌లో అవి ప్రధాన నంబరులోని చివరి రెండంకెలే అయి ఉండాలి. ఏదైనా భాగం మీద వేరే అంకెలుంటే అది తర్వాత మార్చిన భాగం కావచ్చు. అందుకని పిస్టల్ నకిలీదని తేల్చేయకండి. సైనిక కర్మాగారాల్లోనే ఎన్నో పిస్టళ్లకు మరమ్మతులు జరిగాయి. ఏ భాగం మీద ఏ అంకె ఉందో ఒక పట్టికలో విడిగా రాసి ఉంచండి, నిపుణులు ముందు అడిగేది అదే.