డ్యూటెరాన్ వదిలిన న్యూట్రాన్ ఎక్కడ చేరింది?

కొత్త విద్యార్థులకు నేను ముందుగా ఇచ్చేది కాల్షియం-40 డేటానే. 20 ప్రోటాన్లు, 20 న్యూట్రాన్లు. రెండింటి షెల్స్ (శక్తి స్థాయిల గుంపులు) నిండుగా ఉంటాయి. డ్యూటెరాన్‌తో (ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ కలిసిన కేంద్రకం) కొడితే న్యూట్రాన్ లోపలే ఉండిపోతుంది, ప్రోటాన్ బయటికొస్తుంది, కాల్షియం-41 మిగులుతుంది.

ప్రోటాన్ శక్తిని కొలిస్తే న్యూట్రాన్ చేరిన స్థాయి తెలుస్తుంది. ఆ తర్వాతే అసలు పని. ఒక్కో స్థాయికీ, కోణంతో పాటు ప్రోటాన్ల సంఖ్య ఎలా మారుతోందో గ్రాఫ్ గీయండి. నా మాట విని, మొదటిది చేత్తోనే గీయండి. 1.94 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్ట్) స్థాయికి శిఖరం చిన్న కోణంలోనే వస్తుంది: ఎల్ విలువ (న్యూట్రాన్ కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం) 1. గ్రౌండ్ స్టేట్‌కి (అతి తక్కువ శక్తి స్థాయి) ఇంకా పెద్ద కోణంలో వస్తుంది: ఎల్ విలువ 3, ఎఫ్7/2 కక్ష్య (ఎఫ్ అంటే ఎల్ 3; 7/2 అంటే జె, అంటే మొత్తం కోణీయ ద్రవ్యవేగం).

కొలిచిన విలువను సిద్ధాంతపు లెక్కతో భాగిస్తే స్పెక్ట్రోస్కోపిక్ ఫ్యాక్టర్ (ఆ స్థాయి ఎంత మేరకు ఒకే న్యూట్రాన్ కక్ష్యలా ఉందో చెప్పే సంఖ్య) వస్తుంది. మీ ప్రోగ్రామ్ 2జె+1ని (ఆ కక్ష్యలో పట్టే న్యూట్రాన్ల సంఖ్య) ముందే కలిపేసిందేమో తప్పకుండా చూడండి. ఆప్టికల్ పొటెన్షియల్ (కణానికీ కేంద్రకానికీ మధ్య బలాన్ని చూపే నమూనా) మార్చి మళ్లీ లెక్కేసి, ఆ తేడాని కూడా రాయండి.