హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కు అడ్వాన్స్ కట్టే ముందు ఇవి చూసుకోండి

పెళ్లి సంబంధాలు చూసే కాలం వచ్చిందంటే బట్టతల మీద బెంగ మొదలవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం, నర్సీపట్నం వైపు నుంచి కుర్రాళ్లు విశాఖ బస్సెక్కి వస్తారు. ద్వారకానగర్‌లోనో, సిరిపురంలోనో, ఎంవీపీ కాలనీలోనో బోర్డు చూసి లోపలికి వెళ్తారు. అరగంటలో కౌన్సెలింగ్, ఆ వెంటనే అడ్వాన్స్. 'ఈ ఆఫర్ ఈరోజు వరకే' అని ఎవరైనా అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. ఇది అత్యవసరంగా చేయించుకునే ఆపరేషన్ కాదు, నెలాగినా నష్టం లేదు.

పెళ్లికి నెల ముందు చేయించుకుంటే ఫొటోల్లో ఒత్తుగా కనబడుతుందనుకోవడం కూడా పొరపాటే. నాటిన వెంట్రుకలు రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు రాలిపోతాయి. మళ్లీ మొలవడం మొదలయ్యేది మూడు నాలుగు నెలలకు. పూర్తి ఫలితం కనిపించడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. కాబట్టి క్లినిక్ గురించి ఆరా తీయడానికి మీకు కావలసినంత టైముంది.

అధికారుల తనిఖీలు జరుగుతుంటాయి, కాదనను. కానీ మీరు కుర్చీలో కూర్చునే రోజున వాళ్లు పక్కన ఉండరు. వాళ్లు చూసేవాటిలో చాలావరకు మనమూ చూసుకోవచ్చు.

మొదట రిసెప్షన్ గోడ చూడండి. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆస్పత్రులు, క్లినిక్‌లు 2002 చట్టం కింద జిల్లా వైద్య ఆరోగ్య శాఖ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. ఆ సర్టిఫికెట్ అందరికీ కనబడేలా పెట్టాలి. ఫ్రేమ్ కట్టి ఉంది కదా అని తృప్తి పడకండి, దగ్గరికెళ్లి చదవండి. బయట బోర్డు మీద ఉన్న పేరే అందులో ఉందా? మీరు నిలబడ్డ చిరునామాయేనా, లేక వేరే ఊరి బ్రాంచిదా? గడువు ఏ తేదీతో ముగుస్తోంది? 'రెన్యువల్‌కి పెట్టాం సార్' అంటే దరఖాస్తు రసీదు చూపించమనండి. ట్రేడ్ లైసెన్సు, జీఎస్టీ కాగితం, ఏదో సంస్థ ఇచ్చిన అవార్డు ఎన్ని వేలాడదీసినా, ఈ సర్టిఫికెట్‌కు అవి బదులు కావు. అనుమానం తీరకపోతే జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయానికి వెళ్లి అడగండి.

అన్నిటికన్నా ముఖ్యం, నా దృష్టిలో, కత్తి పట్టేదెవరన్నది. జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. యూట్యూబ్ చూసో, వర్క్‌షాపులకు వెళ్లో నేర్చుకునే పని కాదని, శస్త్రచికిత్సలో పద్ధతి ప్రకారం శిక్షణ పొందినవాళ్లే చేయాలని తేల్చి చెప్పింది. ప్లాస్టిక్ సర్జన్లు, చర్మవైద్య నిపుణులు అలాంటివాళ్లు. సహాయకులుగా ఉండేవాళ్లకూ వైద్య నేపథ్యం ఉండాలి, బాధ్యత మాత్రం డాక్టరుదే.

ఆచరణలో కొన్నిచోట్ల జరిగేదేమిటంటే, కన్సల్టేషన్‌లో ఒక డాక్టరు కనిపిస్తారు. ఆపరేషన్ రోజు ఆయన నుదుటి పైన వెంట్రుకలు ఎక్కడి నుంచి రావాలో గీత గీసి వెళ్లిపోతే, మిగతాదంతా టెక్నీషియన్లే చేసేస్తారు. అందుకే ముందే సూటిగా అడగండి: 'మత్తు ఇంజెక్షన్ ఎవరు ఇస్తారు? గ్రాఫ్ట్‌లు (తల వెనక నుంచి తీసి నాటే వెంట్రుకల కుదుళ్లు) ఎవరు తీస్తారు? మీరు ఎంతసేపు గదిలో ఉంటారు?' డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు రాసుకుని మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. అడిగినందుకు మొహం మాడ్చుకునే చోట తల అప్పగించకండి. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత కాన్పూర్‌లో ఇద్దరు ఇంజినీర్లు చనిపోయిన సంగతి 2025లో దేశమంతా చదివింది. 2019లో ముంబైలో ఒక వ్యాపారి ఒకే విడతలో తొమ్మిది వేలకు పైగా గ్రాఫ్ట్‌లు వేయించుకుని రెండు రోజుల్లో ప్రాణం పోగొట్టుకున్నారు. 'ఒక్క సిట్టింగ్‌లో ఎన్నైనా వేస్తాం' అనేవాళ్లను నమ్మకపోవడమే మంచిది.

మత్తు మందు గురించి ఎవరూ అడగరు గానీ ప్రమాదం అక్కడా పొంచి ఉంటుంది. తలకు ఇచ్చేది సాధారణంగా లిగ్నోకెయిన్. రక్తస్రావం తగ్గించే అడ్రినలిన్ కలిపి ఇచ్చినప్పుడు మామూలుగా చెప్పే గరిష్ఠ మోతాదు కిలో బరువుకు 7 మిల్లీగ్రాములు. అంటే 70 కిలోల మనిషికి 490. 2 శాతం మందులో ఒక ఎంఎల్‌కు 20 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి 30 ఎంఎల్ సీసా మొత్తం కలిపితే 600. ఒక్క సీసాతోనే హద్దు దాటిపోతుందన్నమాట. అందుకే డాక్టరు దాన్ని పలచన చేసి, లెక్క రాసుకుంటూ, విడతలుగా ఇవ్వాలి. మిమ్మల్ని బరువు తూచకుండానే ఇంజెక్షన్ మొదలుపెడితే ఆపండి. మధ్యలో పెదాల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, నోట్లో లోహం రుచి, తల తిరగడం అనిపిస్తే మొహమాటపడకుండా వెంటనే చెప్పండి. మోతాదు మించుతోందనడానికి అవి తొలి గుర్తులు.

ఆపరేషన్ గది ఒకసారి చూపించమనండి. ఆక్సిజన్ సిలిండర్, బీపీ, పల్స్ చూపే మానిటర్, అలర్జీ వస్తే ఇచ్చే అత్యవసర మందుల ట్రే ఉన్నాయా? పరిస్థితి విషమిస్తే ఏ ఆస్పత్రికి పంపిస్తారు, వాళ్లతో ముందస్తు ఏర్పాటు ఉందా? లిఫ్టు స్ట్రెచర్ పట్టేంత ఉందో లేదో కూడా చూడండి. పై అంతస్తుల్లో నడిచే క్లినిక్‌ల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. వాడిన సూదులు తెల్లని, గుచ్చుకుపోని డబ్బాలో, రక్తం అంటిన దూది పసుపు సంచిలో, సిరంజీలు, గ్లవ్స్ ఎరుపు సంచిలో పడాలి. ఇది 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధన. అన్నీ ఒకే డస్ట్‌బిన్‌లో కనిపిస్తే, పరికరాల శుభ్రత కూడా అంతంత మాత్రమే అనుకోవచ్చు.

రక్త పరీక్షలు, షుగర్, బీపీ, హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు లేకుండా తేదీ ఇచ్చేస్తే ఒప్పుకోకండి. గుండె జబ్బు, మందుల అలర్జీ, రక్తం పలచబడే మాత్రలు లాంటివి దాచకండి. ఆ మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి, రాసిచ్చిన డాక్టరునే అడగండి.

సమ్మతి పత్రం తెలుగులో ఇవ్వమనండి, అర్థమయ్యాకే సంతకం పెట్టండి. గ్రాఫ్ట్‌ల సంఖ్య, గ్రాఫ్ట్‌కు రేటు, డాక్టరు పేరు రాసిన బిల్లు తీసుకోండి. ఫోన్‌పే చేసిన స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంటే రేపు వివాదం వచ్చినప్పుడు మీ మాట నిలబడడం కష్టం.

ఆపరేషన్ అయ్యాక ఇంటికి తీసుకురావడానికి తోడు ఎవరినైనా తీసుకెళ్లండి. నుదురు, కళ్ల చుట్టూ కొంచెం వాపు రావడం మామూలే. జ్వరం, చీము, రోజురోజుకూ పెరిగే నొప్పి మాత్రం మామూలు కాదు. ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం, స్పృహ తప్పడం జరిగితే క్లినిక్ ఫోన్ ఎత్తేదాకా ఎదురుచూడొద్దు, 108కి చేయండి లేదా నేరుగా కేజీహెచ్ (విశాఖలోని ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆస్పత్రి) క్యాజువాలిటీకి వెళ్లండి. విశాఖ ఉక్కపోతకు తల చెమట పడుతుంది గనుక మొదటి పది రోజులు ఎండలో బండి మీద తిరగడం, హెల్మెట్ రుద్దుకోవడం, బీచ్‌లో మునగడం మానుకోండి. హెల్మెట్ పెట్టుకోలేం కదా అని అది లేకుండా బండి తీయకండి, ఆటో ఎక్కండి.

రిజిస్ట్రేషన్ లేకుండా నడుపుతున్నారని తెలిసినా, అర్హత లేనివాళ్లు చేస్తున్నారని అనుమానం వచ్చినా జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇవ్వొచ్చు. డాక్టరు ప్రవర్తన మీదైతే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు, డబ్బు, సేవాలోపం గురించైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు గానీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు గానీ వెళ్లాలి. ఫిర్యాదుతో పాటు బిల్లు, సమ్మతి పత్రం నకలు, ఆపరేషన్‌కు ముందూ తర్వాతా తేదీలతో తీసిన ఫొటోలు జతచేయండి.