ప్యాచ్ పడ్డాక కూడా గేమ్ ఆగిపోతోందా? లక్షణం బట్టి పట్టుకోండి

పీసీలో ఆడే పెద్ద గేమ్‌కి ప్యాచ్ (లోపాలు సరిచేసే అప్‌డేట్) దిగింది, అయినా జెర్కులు పోలేదు, లేదా కొత్తగా మొదలయ్యాయి. అప్పుడు చాలామంది డ్రైవర్, సెట్టింగులు, విండోస్ అన్నీ ఒకే రాత్రి మార్చేస్తారు, దాంతో ఏది బాగుచేసిందో ఏది చెడగొట్టిందో తేలదు. ఒక్కటి మార్చి, గేమ్‌లో అదే చోట మళ్లీ ఆడి చూసి, ఆ తర్వాతే ఇంకోటి ముట్టుకోండి.

కొత్త ఏరియాకి వెళ్లినప్పుడల్లా ఒక్క క్షణం పట్టేస్తోంది, రెండోసారి వెళ్తే బాగుంది

ఇది షేడర్ల పని. మీ గ్రాఫిక్స్ కార్డుకి సరిపోయేలా గేమ్ తయారుచేసుకునే చిన్న ప్రోగ్రాములవి. ప్యాచ్ పడినా డ్రైవర్ మారినా పాతవి పనికిరాకుండా పోయి మళ్లీ తయారవుతాయి. 2023 మార్చిలో పీసీకి వచ్చిన ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1లో మెనూ దగ్గరే ఈ పని చాలాసేపు నడిచేది. అలాంటి స్క్రీన్ కనిపిస్తే పూర్తయ్యేదాకా ఆగండి, ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి ఉంచండి.

ఆడేకొద్దీ బరువెక్కుతోంది, గోడలు మసకగా కనిపిస్తున్నాయి

వీర్యామ్, అంటే గ్రాఫిక్స్ కార్డు సొంత మెమరీ, నిండింది. నిండాక మిగతాది మామూలు ర్యామ్‌లోకి పోతుంది, అక్కడి నుంచి తెచ్చుకోవడం నెమ్మది. టెక్స్‌చర్ క్వాలిటీ (గోడలు, నేల లాంటివాటి పైపొర స్పష్టత) ఒక మెట్టు దించి గేమ్ మూసి తెరవండి, షాడోలు తర్వాత చూద్దాం. ల్యాప్‌టాప్‌లో ఒకే ర్యామ్ స్టిక్ ఉంటే, రెండో స్లాట్‌లో అలాంటిదే ఇంకోటి వేయించండి. చాలాసార్లు సెట్టింగుల కన్నా ఆ ఖర్చే ఎక్కువ పనికొస్తుంది.

ప్యాచ్ పడ్డ రోజు నుంచి గేమ్ తెరుచుకోవడమే లేదు

మోడ్‌లు (గేమ్‌ని మార్చడానికి బయటివాళ్లు రాసిన ఫైళ్లు) ఉంటే ముందు అవి తీసేయండి, పాత వెర్షన్‌కి రాసిన మోడ్ కొత్త ప్యాచ్‌తో కలవకపోవచ్చు. తర్వాత, గేములు కొని దించుకునే యాప్ స్టీమ్‌లో గేమ్ ఫైళ్లను వెరిఫై చేయండి, పాడైనవి మాత్రమే మళ్లీ దిగుతాయి. మొబైల్ డేటా మీద తెగుతూ తెగుతూ దిగిన ప్యాచ్‌లో ఫైల్ పాడయ్యే అవకాశం ఉంది, మొత్తం మళ్లీ దించి డేటా వృథా చేసుకోకండి.

20 నిమిషాలు బాగా నడిచి తర్వాత ఎఫ్‌పీఎస్ (సెకనుకి కనిపించే ఫ్రేములు) సగానికి పడిపోతోంది

నల్గొండ, మిర్యాలగూడ, పాలమూరు వైపు ఉండేవాళ్లు దీన్ని ముందు అనుమానించాలి. మే నెలలో బయట 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు మేడమీది గదిలో ప్రాసెసర్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఇంకో సంగతి, పర్ఫార్మెన్స్ ప్యాచ్ అంటే మెషీన్ మీద పని తగ్గుతుందని కాదు. 2023 సెప్టెంబర్‌లో సైబర్‌పంక్ 2077కి 2.0 అప్‌డేట్ వచ్చేముందు, ఇది ప్రాసెసర్‌ని బాగా వాడుకుంటుంది, కూలింగ్ చూసుకోండి అని తయారుచేసినవాళ్లే చెప్పారు. అంటే ప్యాచ్ సరిగ్గా పనిచేసినందుకే మీ సిస్టం వేడెక్కుతుండొచ్చు.

ఎఫ్‌పీఎస్‌ని 60కి కట్టేయండి, వేడి వెంటనే దిగుతుంది. రైస్ మిల్లుల దగ్గర ఇల్లయితే ఊక దుమ్ము హీట్‌సింక్ రెక్కల మధ్య గడ్డకడుతుంది, బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి. ఎయిర్ కూలర్ గాలి నేరుగా సీపీయూ క్యాబినెట్ మీదికి తిప్పకండి, ఆ తేమ మంచిది కాదు. ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఏళ్ల తరబడి మార్చకపోతే మార్పించండి.

గేమ్ కాదు, మొత్తం పీసీ ఆఫ్ అయిపోతోంది

విండోస్ లాగ్‌లు చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అనే ఎర్రర్ కనిపిస్తుంది. సరిగ్గా షట్‌డౌన్ కాలేదని తప్ప అది కారణం చెప్పదు. ఊళ్లో బోరు మోటార్లు నడిచే వేళల్లోనే ఇలా అవుతుంటే ఎలక్ట్రీషియన్‌తో వోల్టేజీ చూపించుకోండి. ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పవర్ సప్లై) సామర్థ్యం చాలకపోయినా ఇదే లక్షణం. చవక స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌తో కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు పడవు, కాబట్టి మంచి యూపీఎస్ తీసుకోండి.

కార్డులో ఖాళీ ఉన్నా వీడియో మెమరీ చాలదని ఎర్రర్

అన్‌రియల్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో తయారైన గేముల్లో ఇది పదేపదే వస్తూ, మీది ఇంటెల్ 13 లేదా 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ అయితే గేమ్‌ని తిట్టకండి. ఆ చిప్‌లలో చాలావాటికి ఎక్కువ వోల్టేజీ వల్ల మెల్లగా దెబ్బతినే సమస్య ఉంది, ఇంటెల్ 2024 ఆగస్టు నుంచి దానికి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి కోడ్) ప్యాచ్‌లు ఇచ్చింది. అవి బయోస్ (మదర్‌బోర్డ్‌లో ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ద్వారా వస్తాయి, గేమ్ ప్యాచ్‌తో రావు. మదర్‌బోర్డ్ కంపెనీ సైట్ నుంచి కొత్త బయోస్ దించి, కరెంటు పోని సమయంలో, యూపీఎస్ మీద పెట్టి వేయండి. ఇప్పటికే దెబ్బతిన్న చిప్ దీంతో బాగుపడదు, దాన్ని వారంటీలో మార్పించుకోవాలి. ఇంటెల్ ఆ వారంటీని రెండేళ్లు పొడిగించింది, కాబట్టి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్న బిల్లు వెతికి తీయండి.

స్క్రీన్ నల్లబడి గేమ్ మూసుకుపోతోంది, విండోస్ మాత్రం బతికే ఉంది

కార్డు 2 సెకన్లలో జవాబివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ని రీసెట్ చేస్తుంది. ముందు ఓవర్‌క్లాక్ (కార్డుని కంపెనీ పెట్టినదానికన్నా వేగంగా నడపడం) తీసేయండి. తగ్గకపోతే సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే టూల్‌తో డ్రైవర్ పూర్తిగా తుడిచి కొత్తది వేయండి.

ఇవన్నీ అయ్యాక కూడా అదే చోట అలాగే పడిపోతుంటే తప్పు ప్యాచ్‌దే కావచ్చు. స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్‌లోని బీటాస్ భాగంలో పాత వెర్షన్ ఇచ్చారేమో చూడండి, సేవ్ ఫైళ్లు కాపీ చేసుకున్నాకే వెనక్కి వెళ్లండి. తయారీదారులకి రిపోర్ట్ పంపేటప్పుడు కార్డు పేరు, డ్రైవర్ వెర్షన్, ఏ మిషన్‌లో ఎక్కడ పడిపోయిందో రాసి, క్రాష్ ఫైల్ జతచేయండి.