గోడ మీదికి సూర్యబింబం

చిన్న అద్దంతో సూర్యబింబాన్ని గోడ మీద పడేలా చేసే ఈ పరికరం పెంకుటింట్లో పెరిగినవారికి కొత్తది కాదు. జారిన పెంకు సందులోంచి దిగిన ఎండ నేల మీద గుండ్రటి మచ్చగా పడుతుంది. సందు ఏ ఆకారంలో ఉన్నా మచ్చ గుండ్రంగానే ఉంటుంది, ఎందుకంటే అది సూర్యుడి బింబమే. దాన్ని మనకు కావలసిన గోడ మీదికి మళ్ళించుకోవడమే ఇక్కడి పని.

గడ్డం గీసుకునే చిన్న అద్దం, పాత శుభలేఖ అట్ట, కాలవ గట్టు నుంచి తెచ్చిన దోసెడు ఒండ్రుమట్టి చాలు. అట్టకు పంచింగ్ మిషన్‌తో ఒకే రంధ్రం పొడిచి (సుమారు 6 మిల్లీమీటర్లు వస్తుంది), మిగతా అద్దమంతా కప్పేలా అంటించాలి. మట్టిముద్దను ముక్కాలిపీట మీద పెట్టి అద్దాన్ని అందులో గుచ్చితే, కావలసిన వైపుకు వంచుకోవచ్చు. మట్టి పల్చనైతే అద్దం మెల్లగా ఒరిగిపోతుంది కాబట్టి పూరీపిండి కన్నా గట్టిగా పిసకాలి.

బింబం ఎంత పెద్దదవుతుందన్నది దూరాన్ని బట్టే ఉంటుంది: అద్దానికీ గోడకూ మధ్య దూరాన్ని 108తో భాగిస్తే దాదాపు బింబం వ్యాసం వస్తుంది. వీధి గుమ్మం, నడవ, పెరటి గుమ్మం ఒకే వరుసలో ఉండే కోనసీమ పాత ఇళ్ళు ఇందుకు కట్టించినట్టే ఉంటాయి. పీటను వాకిట్లో వేసి, మూసిన పెరటి తలుపు మీద తెల్ల డ్రాయింగ్ కాగితం అంటిస్తే 11 మీటర్ల దూరానికి 10 సెంటీమీటర్ల బింబం పడుతుంది. తూర్పుముఖం ఇంటికి మధ్యాహ్నం రెండు దాటాక, పడమటి ముఖానికి ఉదయం అనుకూలం, ఎందుకంటే సూర్యుడూ ఇల్లూ అద్దానికి ఒకే వైపున ఉండాలి. చూరు నీడ పడనంత ఎడంగా పీటను జరపాలి. కిటికీలన్నీ మూయాలి.

సూర్యుణ్ణి గాని, అద్దంలోకి గాని ఎవరూ నేరుగా చూడకూడదు. పిల్లలను కాంతి దారిలోకి రానివ్వకూడదు. గ్రహణం నాడు ఎక్స్‌రే ఫిల్ములు పట్టుకునే అలవాటు కూడా ప్రమాదకరమే.

పెద్ద సూర్యమచ్చలు (సూర్యుడి మీద నల్లగా కనిపించే ప్రాంతాలు) ఉన్న రోజున బింబంలో మసక చుక్క కనిపించవచ్చు. అది కాగితం మీది మరక అవునో కాదో తేల్చుకోవాలంటే కాగితాన్ని కొద్దిగా కదపాలి: మరకైతే కాగితంతో పాటు జరుగుతుంది, సూర్యమచ్చ బింబంలోనే నిలిచి ఉంటుంది. రెండు నిమిషాల్లో బింబం తన వెడల్పంత పక్కకు జరిగిపోతుంది కాబట్టి, ఒకరు పెన్సిల్‌తో చుక్క గుర్తు పెడుతుంటే మరొకరు పీట దగ్గర కూర్చొని అద్దాన్ని సర్దుతూ ఉండాలి.