రెవిట్‌లో ప్రీకాస్ట్ పలకలు సరిగ్గా సాగకపోతే: సమస్య - పరిష్కారం

నెల్లూరు, ఒంగోలు వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సెంట్రింగ్ అయిపోయి, రేపు స్లాబ్ పోస్తామనగా వాయుగుండం పడిందంటే మేస్త్రికీ ఓనరుకీ ఒకటే టెన్షన్. ఫ్యాక్టరీలో పోసి తెచ్చే (ప్రీకాస్ట్), లోపల పొడవునా రంధ్రాలుండే హాలోకోర్ పలకలతో ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. కానీ భవనం మోడల్ గీసే రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో, సైట్‌లో పోసే స్లాబ్‌ని గీసినట్టే వీటినీ గీస్తే, మోడల్ చూడ్డానికి బాగానే ఉంటుంది, ఆ కొలతలతో పలక మాత్రం తయారు కాదు.

ఎందుకంటే పలక వెడల్పు, మందం పోసే మెషీన్‌ని బట్టి ఉంటాయి. వెడల్పు మామూలుగా 1200 మి.మీ. పొడవాటి బెడ్ మీద పోసి రంపంతో కోస్తారు కాబట్టి పొడవు మాత్రం మనకు కావలసినంత తీసుకోవచ్చు. కింద చెప్పే ఇబ్బందుల్లో చాలా వరకు ఈ తేడాని ఫ్యామిలీలో (రెవిట్‌లో పలక నమూనా ఫైల్) పెట్టకపోవడం వల్ల వచ్చేవే. లెక్క కోసం ముత్తుకూరు దగ్గర ఒక గోడౌన్‌లో మెజనైన్ అంతస్తు (నేలకీ కప్పుకీ మధ్య వేసేది) అనుకుందాం. బీమ్ గ్రిడ్ (బీమ్‌ల మధ్య గీతల దూరం) 6000, బే (పలకలు పక్కపక్కన పరిచే చోటు) వెడల్పు 7000, బీమ్ వెడల్పు 300. అన్నీ మిల్లీమీటర్లే.

ఒక పలక పొడవు మారిస్తే అన్నీ మారిపోతున్నాయి

పొడవు టైప్ పారామీటర్‌గా (ఆ టైప్ పలకలన్నిటికీ ఒకే కొలతగా) ఉంది. దాన్ని ఇన్‌స్టెన్స్‌కి (ఒక్కో పలకకి విడి కొలతగా) మార్చండి. వెడల్పు, మందం టైప్‌లోనే ఉంచి, సప్లయర్ క్యాటలాగ్‌లో ఉన్న ఒక్కో సైజుకి ఒక్కో టైప్ చేయండి. అప్పుడు ఎవరూ పొరపాటున 1137 వెడల్పు పలకని లాగి పెట్టలేరు. స్ట్రక్చరల్ ఫ్రేమింగ్ టెంప్లేట్‌తో మొదలుపెడితే ఇంకా మేలు. రెండు చివరలు క్లిక్ చేస్తే పొడవు దానంతట అదే వస్తుంది.

కొలత మార్చగానే "కన్‌స్ట్రెయింట్స్ ఆర్ నాట్ శాటిస్‌ఫైడ్" అంటోంది

డైమెన్షన్లను పలక అంచులకే ఇచ్చి, వాటినే లాక్ చేసి ఉంటారు. లేదా ఒకే దూరానికి రెండు చోట్ల తాళం పడి ఉంటుంది. ముందు రిఫరెన్స్ ప్లేన్లు (కొలతలకు ఆధారంగా గీసే ఊహా తలాలు) గీయండి. పారామీటర్లు ప్లేన్ల మధ్యే ఇవ్వండి. ఆ తర్వాతే కాంక్రీటు ముఖాలను ప్లేన్లకు లాక్ చేయండి. ఒక్కో పారామీటర్ చేర్చిన వెంటనే విలువ పెంచి, తగ్గించి చూడాలి. అన్నీ పెట్టేశాక చూస్తే తప్పు ఏ తాళంలో ఉందో పట్టుకోవడం కష్టం.

బీమ్ మీద రెండు పలకలు ఒకదాన్నొకటి తాకుతున్నాయి, పైగా బీమ్‌లోకి దిగిపోయాయి

సెక్షన్ తీసి బీమ్ దగ్గర జూమ్ చేస్తే స్పష్టంగా కనిపిస్తుంది. గ్రిడ్ నుంచి గ్రిడ్‌కి గీశారు కాబట్టి రెండు వైపుల పలకలూ బీమ్ మధ్య గీతదాకా వచ్చి ఆగాయి. సైట్‌లో అలా పెడితే మధ్యలో కాంక్రీటు పోయడానికీ, కడ్డీ వేయడానికీ చోటే ఉండదు.

బేరింగ్ (బీమ్ మీద పలక ఆనే పొడవు) 75 అనుకుంటే లెక్క ఇది. బీమ్‌ల మధ్య ఖాళీ 6000 - 300 = 5700. రెండు వైపులా బేరింగ్ కలిపితే 5850. అంటే ప్రతి చివరా గ్రిడ్ నుంచి 75 వెనక్కి రావాలి. అప్పుడు బీమ్ మీద రెండు పలకల మధ్య 150 ఖాళీ మిగులుతుంది. ఈ 75ని ఫ్యామిలీలో చివర ఆఫ్‌సెట్ అనే ఇన్‌స్టెన్స్ పారామీటర్‌గా పెట్టండి. ప్రతి పలకకీ చేత్తో లాగొద్దు. బీమ్ వెడల్పు మారిన రోజు ఆ చేతి పనంతా మళ్లీ చేయాలి. పలక చివర రైట్ క్లిక్ చేసి డిస్‌అలౌ జాయిన్ కూడా ఇవ్వండి, లేకపోతే సాఫ్ట్‌వేర్ తన లెక్కతో చివరని జరుపుతుంది.

బీమ్‌లోకి దిగిపోవడానికి కారణం జెడ్ జస్టిఫికేషన్ (పలక పై అంచా, అడుగా గీసిన మట్టానికి ఉండాలో చెప్పే సెట్టింగ్) టాప్‌లో ఉండటం. బాటమ్ చేసి, పలక అడుగుని బీమ్ పైమట్టానికి పెట్టండి.

7000 బేలో పలకలు సరిపోవడం లేదు, చివర సందు మిగులుతోంది

అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే. 7000ని 1200తో భాగిస్తే 5 నిండు పలకలు, 1000 మిగులు. చాలామంది 7000ని ఆరుతో భాగించి ఒక్కో పలకనీ కొంచెం సన్నగా చేసేస్తారు. స్క్రీన్ మీద చక్కగా సరిపోతుంది. ఫ్యాక్టరీలో ఆ వెడల్పు మోల్డ్ ఉండదు.

ఫార్ములాలో రౌండ్‌డౌన్ (దశాంశం వదిలేసి నిండు సంఖ్య ఇచ్చేది) వాడి, బే వెడల్పుని 1200 మి.మీ.తో భాగించండి. 1200 పక్కన యూనిట్ తప్పనిసరి. అది వదిలేస్తే జవాబు సంఖ్యగా కాక పొడవుగానే మిగిలి, "ఇన్‌కన్సిస్టెంట్ యూనిట్స్" అని ఆగిపోతుంది. నిండు పలకలను బీమ్ సిస్టమ్‌లో (వరసగా పరిచే టూల్) ఫిక్స్‌డ్ డిస్టెన్స్ 1200 ఇచ్చి పరచండి. దూరం పలక మధ్య గీతకి లెక్క కాబట్టి బౌండరీని 600 జరపాల్సి వస్తుంది.

మిగిలిన 1000కి పలకని నిలువునా కోయవచ్చు, కానీ ఎక్కడపడితే అక్కడ కాదు. ప్రీస్ట్రెస్ తీగలు (ముందే లాగి బిగించిన ఉక్కు తీగలు) రంధ్రాల మధ్య గోడల్లో ఉంటాయి, కోత రంధ్రం మీదుగా పోవాలి. తయారీదారు సెక్షన్ డ్రాయింగ్‌లో రంధ్రం మధ్య 900 దగ్గర పడిందనుకోండి, 900 పలక తీసుకుని, మిగతా 100 సైట్‌లో పోయండి. కోత పలకకి వేరే టైప్ చేసి వేరే పేరు పెట్టండి. దాన్ని గోడ వైపుకి పెట్టడం నాకు నచ్చిన పద్ధతి. పోసే పట్టీలోంచి పైపులు కూడా దింపుకోవచ్చు.

షెడ్యూల్‌లో కాంక్రీటు దాదాపు రెట్టింపు చూపిస్తోంది

రంధ్రాలు కోయబడలేదు. వాయిడ్‌ని (ఖాళీ కోసే ఆకారం) వేరే ఫ్యామిలీలో చేసి లోపల పెట్టుంటే, ఆ ఫ్యామిలీలో "కట్ విత్ వాయిడ్స్ వెన్ లోడెడ్" టిక్ చేసి, పలక ఫ్యామిలీలో కట్ జామెట్రీ ఇవ్వాలి. అసలు వాయిడ్లే వద్దు, ఎక్స్‌ట్రూజన్ (స్కెచ్‌ని పొడవునా సాగదీసి చేసే ఆకారం) స్కెచ్‌లోనే వలయాలు గీస్తే రంధ్రాలు వాటంతట అవే వస్తాయి.

దీన్ని తేలిగ్గా వదిలేయకండి. 200 మందం గట్టి స్లాబ్ చదరపు మీటరుకి 5 కిలోన్యూటన్లు. 5850 పలక గట్టిగా ఉంటే సుమారు మూడున్నర టన్నులు, రంధ్రాలతో రెండు టన్నుల చుట్టూ. క్రేన్ ఎంపిక, బీమ్ డిజైన్ రెండూ ఈ అంకె మీదే ఆధారపడతాయి.

కవర్ పెంచితే రంధ్రం తీగల్లోకి వస్తోంది

సముద్రానికి దగ్గరగా కట్టేవాళ్లకి ఇది తప్పదు. కాంక్రీటుకి భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం తీరప్రాంత గాలికి బయటపడే కాంక్రీటు సివియర్ (తీవ్ర ప్రభావం) కిందికి వస్తుంది, కవర్ (తీగ మీద ఉండే కాంక్రీటు మందం) 45. ఉప్పు గాలి నేరుగా తగలకుండా మూసి ఉన్న చోటు మోడరేట్ (మధ్యస్థ ప్రభావం), కవర్ 30. తలుపులు ఎప్పుడూ తెరిచి ఉండే గోడౌన్ అయితే 45 తీసుకోవడమే మంచిది. ఫ్యామిలీలో రంధ్రం వ్యాసానికి స్థిరమైన అంకె ఇవ్వకండి. మొత్తం మందంలోంచి పై మందం, అడుగు మందం తీసేసే ఫార్ములా ఇవ్వండి. కవర్ పెరిగితే రంధ్రం తగ్గుతుంది. మరీ చిన్నదైతే మందమైన టైప్‌కి వెళ్లాలి. ఆ సెక్షన్ తయారీదారు దగ్గర ఉందో లేదో అప్పుడే అడగండి.

మెట్ల చివరి అడుగు ఎత్తు సైట్‌లో తేడా వచ్చింది

ప్రీస్ట్రెస్ పలక మధ్యలో కొంచెం పైకి ఉబ్బుతుంది, మోడల్‌లో మాత్రం చదునుగా ఉంటుంది. ఉబ్బు 15, మధ్యలో టాపింగ్ (పలకల మీద పోసే కాంక్రీటు పొర) కనీసం 50 కావాలంటే చివర 65 పడుతుంది. ఫ్లోర్ మట్టాన్ని చివరి 65తో లెక్క కట్టండి, కాంక్రీటు పరిమాణానికి సగటు 55 తీసుకోండి. మెట్లు గీసే ముందే ఈ ఉబ్బు ఎంతో తయారీదారు నుంచి రాయించుకుని, లెవెల్స్‌లో మార్చండి.