కొండ మీద కొత్త రేడియో పెట్టాక లింక్ మొరాయిస్తుంటే

ఊళ్లవాళ్లు కలిసి నడుపుకునే వైర్‌లెస్ నెట్‌వర్క్‌లో కొండ మీది రిలే సైటే (ఒక వైపు సిగ్నల్ అందుకుని అవతలి వైపుకి పంపే చోటు) గుండెకాయ. అక్కడ పాత రేడియో తీసి కొత్తది బిగించాక ఏ తేడా వచ్చినా అందరి అనుమానం కొత్త రేడియో మీదికే పోతుంది. చాలాసార్లు దోషం మార్చకుండా వదిలేసిన పాత కేబుల్‌లోనో, బ్యాటరీలోనో, స్విచ్‌లోనో ఉంటుంది. కింద రాసినవి 5 గిగాహెర్ట్జ్ లింకులు, సోలార్ సైట్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

సమస్య: పగలంతా బాగుంటుంది, తెల్లవారుజామున రేడియో రీస్టార్ట్ అవుతూ ఉంటుంది

కారణం: కరెంటు చాలడం లేదు. 7 వాట్ల పాత రేడియో రోజుకి 168 వాట్ అవర్లు తింటే, 20 వాట్ల కొత్తది 480 తింటుంది. దానికి కేబుల్ నష్టం తోడవుతుంది. 24 వోల్టుల పాసివ్ పీఓఈతో (నెట్‌వర్క్ కేబుల్‌లోనే నేరుగా కరెంటు పంపే పద్ధతి) 40 మీటర్ల మామూలు క్యాట్5ఈ నెట్‌వర్క్ కేబుల్ మీద, అందులోని నాలుగు జతల తీగల్లో పవర్‌కి రెండు జతలు వాడితే, పాత రేడియోకి దారిలో పోయేది ఒక వోల్టు పైచిలుకు. కొత్తదానికి మూడున్నర దాటుతుంది. తెల్లవారేసరికి బ్యాటరీలు 23కి దిగితే పోల్ మీద రేడియోకి అందేది 19 వోల్టులే. మధ్యాహ్నం కొండెక్కి మీటర్ పెడితే ప్యానెల్ ఛార్జింగ్‌లో ఉంటుంది కాబట్టి అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. అందుకే ఈ జబ్బు ఓ పట్టాన దొరకదు.

పరిష్కారం: రేడియోలోనే ఇన్‌పుట్ వోల్టేజ్ చూపిస్తుంటే రాత్రి రీడింగులు కింద నుంచే రికార్డు చేయండి. కేబుల్ తీగ గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం, దాన్ని తీసి పారేయాల్సిందే. రేడియో ఒప్పుకుంటే 48 వోల్టులకు మారండి. వోల్టేజ్ రెట్టింపైతే కేబుల్‌లో నష్టం దాదాపు నాలుగో వంతుకి దిగుతుంది. అయితే 24 వోల్టుల పరికరానికి 48 ఇస్తే అది అక్కడికక్కడే కాలిపోతుంది, కాబట్టి లేబుల్ చదవకుండా ప్లగ్ పెట్టకండి. బ్యాటరీ, ప్యానెల్ లెక్క కూడా కొత్త వాట్లతో మళ్లీ వేయాలి. దీనికి అడ్డదారి లేదు.

సమస్య: ఎంత చేసినా స్పీడ్ 94 ఎంబీపీఎస్ దాటదు

ఆ అంకె కనిపిస్తే డిష్ జోలికి వెళ్లకండి. ఎక్కడో ఒక పోర్టు 100 ఎంబీపీఎస్‌కి పడిపోయింది. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, ఒక్క తీగ తెగినా పాత వేగానికి దిగుతుంది. పాత పీఓఈ ఇంజెక్టర్ (కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే పెట్టె) కూడా గిగాబిట్ రకం కాకపోవచ్చు. ముందు ఇంజెక్టర్ మార్చి చూడండి, తర్వాత కేబుల్ రెండు కొనలకూ ప్లగ్‌లు మళ్లీ క్రింప్ చేయండి (నొక్కి బిగించండి).

సమస్య: లింక్ కలిసింది కానీ సిగ్నల్ బాగా తక్కువ

ముందు ఎంత రావాలో లెక్క వేసుకోండి. 10 కిలోమీటర్ల దూరానికి 5.8 గిగాహెర్ట్జ్‌లో గాలిలో పోయేది సుమారు 128 డీబీ (డెసిబెల్, సిగ్నల్ హెచ్చుతగ్గుల కొలత). రెండు వైపులా 25 డీబీఐ డిష్‌లు (సిగ్నల్‌ను అంత పెంచేవి), రేడియో పంపే పవర్ 11 డీబీఎం అయితే మైనస్ 67 డీబీఎం దగ్గర రావాలి. మైనస్ 85 వస్తోందంటే డిష్ సైడ్ లోబ్ మీద (అసలు కిరణానికి పక్కన ఉండే బలహీనమైన కిరణం) ఆగి ఉండొచ్చు. సన్నగా కొట్టే పెద్ద డిష్‌తో ఈ పొరపాటు మరీ సులభం. ఒక చోట సిగ్నల్ పెరిగిందని అక్కడే బిగించేయకుండా, ఒక కొన కదపకుండా ఉంచి రెండో కొనను అటు చివరి నుంచి ఇటు చివరికి నెమ్మదిగా తిప్పండి. మూడు శిఖరాలు కనిపిస్తే నడిమిది అసలైనది. తర్వాత ఎత్తు పల్లం సరిచూసి, రెండో వైపూ ఇదే పని చేయండి. అప్పటికీ లెక్కకు రాకపోతే దారిలో చెట్లు పెరిగాయేమో చూడాలి. ఇదే దూరంలో మధ్యన కిరణం చుట్టూ దాదాపు 7 మీటర్ల ఖాళీ ఉండాలి, కంటికి అవతలి పోల్ కనిపిస్తే చాలదు.

సమస్య: సిగ్నల్ బ్రహ్మాండం, స్పీడ్ మాత్రం పడుతూ లేస్తూ ఉంటుంది

పాత రేడియో 20 మెగాహెర్ట్జ్ ఛానెల్‌లో నడిచేది, కొత్తదాన్ని ఎవరో ఆశగా 80లో పెట్టి ఉంటారు. వెడల్పు నాలుగింతలైతే నాయిస్ (సిగ్నల్‌కి అడ్డొచ్చే రొద) 6 డీబీ పెరుగుతుంది. పైగా కొండ మీద యాంటెన్నాకి చుట్టుపక్కల ఊళ్ల రేడియోలన్నీ వినిపిస్తాయి. 40కి దించండి, చాలకపోతే 20కి. ఇరుకు ఛానెల్‌లో నిలకడగా వచ్చే వేగమే వాడేవాళ్లకి పనికొస్తుంది. ఛానెల్ మార్చాక లింక్ ఓ నిమిషం మాయమైతే కంగారు పడకండి, రేడియో రాడార్ ఉందేమోనని వింటోంది. కొన్ని ఛానెల్స్‌లో ఈ వినడం పది నిమిషాలు కూడా పట్టొచ్చు.

సమస్య: కొత్త లింక్ కలపగానే నెట్‌వర్క్ మొత్తం పడిపోయింది

పాత లింక్‌ను స్టాండ్‌బైగా ఉంచడం మంచిదే. కానీ అవే రెండు స్విచ్‌ల మధ్య రెండూ వెలుగుతుంటే లూప్ ఏర్పడుతుంది, అంటే డేటా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. పాతదాని పోర్టు ఆపండి, లేదా స్విచ్‌లలో ఆర్ఎస్‌టీపీ (లూప్‌ను తనంతట తానే ఆపే సెట్టింగ్) ఆన్ చేయండి. కొత్త రేడియోలు రెండూ ఫ్యాక్టరీ ఐపీతోనే (కంపెనీ పెట్టిన ఒకే నెట్‌వర్క్ అడ్రస్) ఉంటే అదొక తలనొప్పి, కొండెక్కక ముందే మార్చుకోండి.

సమస్య: వాన పడితే లింక్ పోతుంది

5 గిగాహెర్ట్జ్‌కి వాన పెద్ద అడ్డు కాదు, పొగమంచు అసలే కాదు. (60 గిగాహెర్ట్జ్ రేడియో పెట్టి ఉంటే మాత్రం వానే కారణం కావచ్చు.) తడిసిన ఆకులు, కనెక్టర్‌లోకి దిగిన నీళ్లు, ఈ రెండూ వెతకండి. కేబుల్ రేడియోలోకి వెళ్లే చోట కిందికి వంపు ఇవ్వండి, నీళ్లు అక్కడే కారిపోతాయి. పచ్చగా తుప్పు పట్టిన ప్లగ్ తుడిచి మళ్లీ పెట్టకుండా కోసి కొత్తది వేయండి. కోతులు కొరికిన కేబుల్‌కి టేపు చుట్టినా నీళ్లు ఆగవు, కొత్త కేబుల్ జీఐ పైపులో లాగండి.